లీకు టీక

అవతారిక: మా అపార్ట్‌మెంటు మూడో అంతస్తు మేష్టారు రిటైరైన ఇంగ్లీషు లెక్చరర్. వంటింటి కొళాయి బాగుచేయించుకున్న మర్నాడు ఫిర్యాదుల పుస్తకంలో ఒక వాక్యం రాశారు. చదివినవాళ్ళకి ఆయన కోపం తెలిసింది గానీ కొళాయికేమైందో తెలియలేదు. అందుకే ఈ టీక. మూలంలో లేనిదీ, అక్కర్లేనిదీ చెప్పనని సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. నేనంత సాహసం చేయను.

మూలం: ది ట్యాప్ వాజ్ రిపేర్డ్ అబిస్మల్లీ, డిస్మల్లీ, ఎగ్రీజియస్లీ అండ్ షాడిలీ.

ప్రతిపదార్థం: ది ట్యాప్ = ఆ కొళాయి (ఏదన్న సందేహం వద్దు, రాత్రి పది దాటాక చప్పుడు వినబడేదే); వాజ్ రిపేర్డ్ = బాగుచేయబడెను. ఇచట కర్త లోపించినాడు. నిజంగానే లోపించాడు, ఫోనెత్తడం లేదు.

అబిస్మల్లీ = అడుగు అందనట్లుగా. గ్రీకులో అబుస్సోస్ అంటే అడుగు లేనిది, అగాధం. కింద పెట్టిన చెంబు గంటకోసారి నిండుతోంది కనుక అడుగు లేనిది చెంబు కాదు, పనితనమేనని గ్రహించునది.

డిస్మల్లీ = చెడ్డరోజున చేసినట్లుగా. లాటిన్‌లో దియెస్ మాలి, అంటే చెడ్డ దినాలు. మధ్యయుగాల ఐరోపా పంచాంగాల్లో అవి నెలకి రెండు చొప్పున ఏడాదికి 24. రోజూ వర్జ్యం, దుర్ముహూర్తం, రాహుకాలం చూసుకునే మనముందు వాళ్ళదేం లెక్క! ప్లంబరు వచ్చింది మంగళవారమని మేష్టారి భార్యగారి సాక్ష్యం.

ఎగ్రీజియస్లీ = మందలోంచి వేరుపడినట్లుగా. శంక: మందలో మేటి అని కదా అర్థం? సమాధానం: నిజమే. 16వ శతాబ్దపు ఇంగ్లీషులో ఇది మెచ్చుకోలే. వెక్కిరింపుకి వాడగా వాడగా తిట్టయిందని నిఘంటుకారుల ఊహ. ఇటలీవాళ్ళు ఇప్పటికీ ఉత్తరం మొదట్లో 'ఎగ్రేజియో' అని మర్యాదగా సంబోధిస్తారు. "ఘనకార్యం చేశావులే" అనగానే మన పిల్లవాడు ఏడుపు ముఖం పెట్టడం దీనికి దృష్టాంతం.

ఇక 'లీ' ప్రత్యయం. పాత ఇంగ్లీషులో 'లీచ్' అంటే ఒళ్ళు. దాని జర్మన్ చుట్టం 'లైషె'కి ఇప్పుడు శవమని అర్థం. మేష్టారి వాక్యం నాలుగు శవాలు మోస్తున్నదన్నమాట. మన 'గా' మాత్రం 'అగు' ధాతువు బిడ్డ, బరువు లేదు.

పాఠాంతరం: నాలుగో అంతస్తు సాఫ్ట్‌వేరు కుర్రాడు ఇదంతా కొట్టేసి 'బ్యాడ్లీ' చాలన్నాడు. అది పొసగదు. ఏదైనా గట్టిగా కావాలన్నా ఇంగ్లీషువాడు 'బ్యాడ్లీ' కావాలంటాడు. భయంకరమైన 'ఆఫులీ'ని తెచ్చి 'గుడ్' పక్కన కూర్చోబెడతాడు. మనం 'యమా బాగుంది' అనమా, అలాగే.

షాడిలీ = పాతపేలికల బట్టలాగా. ఇది జాగ్రత్తగా చదవవలసిన పదం. 1813 ప్రాంతంలో ఇంగ్లండు యార్క్‌షైరులోని బ్యాట్లీలో బెంజమిన్ లా అనే ఆయన పాత ఉన్ని పేలికల్ని పీచుపీచు చేసి, కొత్త ఉన్ని కలిపి బట్ట నేయించాడు. ఆ సరుకు పేరే షాడీ. మొదట్లో అది తిట్టు కాదు, చక్కటి వ్యాపారం. అమెరికా అంతర్యుద్ధం 1861లో మొదలయ్యాక కొందరు కాంట్రాక్టర్లు ఈ బట్టతో సైనికులకి యూనిఫారాలు కుట్టిచ్చారు. అవి ఒంటిమీదే పీలికలయ్యాయి. బట్ట పేరు పనితనానికి తిట్టయి కూర్చుంది.

ఈ పేలికల సంగతి చదివాక నేను మేష్టారింటికి వెళ్ళి, సింకు కింద టార్చి వేసి చూశాను. టెఫ్లాన్ టేపు ఉండవలసిన మరల మీద నీలిగళ్ళ లుంగీ పేలిక, మూడు చుట్లు. వేలాడే కొసనుంచి బొట్టు సాగి, ఆగి, చెంబులో టప్పుమంటోంది. మేష్టారు దీన్ని చూసి రాశారో, ప్రాస కోసం రాశారో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

తాత్పర్యం: మొదటి మూడు పదాలూ మేష్టారి బీపీ, నాలుగోది సాక్ష్యం. కొళాయికి గుడ్డ చుట్టి డబ్బు పుచ్చుకుపోయెనని భావము.

ఆ వాక్యం కింద వాచ్‌మన్ బాల్‌పెన్నుతో ఒక్క మాట రాసి సంతకం పెట్టాడు: "కారుతుంది."