ఫోనుకు తాళం వేసిన ఊరు, వైఫైని బార్లా తెరిచి పెట్టింది

మా రోజుల్లో ఇంట్లో ఫోనుందంటే దానికో తాళం కూడా ఉండేది. వేలు పెట్టి తిప్పే డయలు, ఆ డయలు రంధ్రంలో బిగించే బుల్లి తాళం, తాళంచెవి ఇంటి పెద్ద దగ్గర. వచ్చిన కాలు ఎవరైనా ఎత్తొచ్చు, బయటికి చేయాలంటే అడగాల్సిందే. బటన్ల ఫోన్లు వచ్చాక ఆ తాళం పోయి రహస్య నంబరు వచ్చింది. ఊరికి పోయేముందు గ్యాసు కట్టేశామా, ఎస్టీడీ లాక్ చేశామా అని రెండూ చూసుకుని బయల్దేరేవాళ్ళు. బిల్లు వస్తే ఏ నెల ఎన్ని కాల్సు పడ్డాయో లెక్క చూసేవాళ్ళు. ఒక్క కాలు ఎక్కువ కనిపించినా ఎవరు చేశారని ఇల్లంతా విచారణ జరిగేది.

మేమంత పిసినారులమని ఈ కాలం పిల్లలు అనుకుంటారు. కానీ అప్పట్లో వీధి మొత్తానికీ ఫోన్లు ఒకటో రెండో. మిగతా వాళ్ళందరూ పెళ్ళి కార్డుల మీద, దరఖాస్తుల మీద పక్కింటి నంబరు రాసి, దాని పక్కన పి.పి. అని వేసుకునేవాళ్ళు. మద్రాసు నుంచి ఎవరి కొడుకో చేస్తే ఫోనున్న వాళ్ళు గోడ మీదుగా కేకేసి పిలిచేవాళ్ళు. ఢిల్లీలో నిమ్మకాయల ధర ఎట్లుందో తెలియాలంటే ట్రంకు కాలు బుక్ చేసి కూర్చున్న వ్యాపారులు మా గూడూరులో ఉన్నారు. ఫోను పది మందికీ పనికొచ్చేది. అయితే వాడుకునే మనిషి గడప దాటి వచ్చి, 'అన్నా, ఒక కాలు చేసుకుంటా' అని మొహం చూసి అడిగేవాడు. ఎవరు వాడారో, ఎందుకు వాడారో ఇంటివాళ్ళకు తెలిసేది. నా బాధంతా ఆ తెలివిడి పోయినందుకే.

రేడియో సంగతి కూడా చెప్పాలి. పాట వినడానికి, వార్తలు వినడానికి కూడా లైసెన్సు పుస్తకం ఉండేది. పోస్టాఫీసుకు పోయి ఏటా రుసుము కట్టి ముద్ర వేయించుకోవాలి. రేడియో సెట్లలో వాడే అభ్రకం మా పక్కనే సైదాపురం గనుల నుంచి, గూడూరు మీదుగా దేశదేశాలకు పోయేది. ఆ రాయి తవ్విన ఊళ్ళో కూడా ఒక రేడియో పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాలి. వినడానికే అంత కట్టుదిట్టం! ఇప్పుడు గోడకు తగిలించిన వైఫై డబ్బా వినడమే కాదు, ఇరవై నాలుగ్గంటలూ ప్రసారం చేస్తుంది. 2005లో కేంద్ర ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగాలకు లైసెన్సు అక్కర్లేదని నియమాలు తెచ్చాక, ఇంటింటికీ ఒక చిన్న ప్రసార కేంద్రం వచ్చి కూర్చుంది. దాని కూత గోడ దాటుతుంది, మేడ మీదికి పోతుంది, వీధిలో నిలిపిన ఆటో దాకా వినిపిస్తుంది. సర్కారు అదుపు తీసేసింది, బాధ్యత మన మీద పెట్టింది. ఆ రెండో ముక్క మన చెవికెక్కలేదు.

2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి నెలకు 149 రూపాయలకే నెట్టు, టీవీ, ఫోను అన్నారు. తర్వాత ప్రైవేటు కంపెనీలూ పోటీ పడ్డాయి. మంచిదే. నిమ్మ మార్కెట్లో కాటా వేసే కుర్రాడి ఇంట్లో కూడా ఇవాళ నెట్టుంది. కానీ ఆ తీగ లాగే అబ్బాయి వస్తాడు, డబ్బా బిగిస్తాడు, 'పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారు సార్?' అని అడుగుతాడు. ఇంటాయన ఆలోచించకుండా తన సెల్ నంబరు చెబుతాడు. పని అయిపోయింది. అబ్బాయి ఇంకో ఇంటికి పోతాడు. గూడూరులో ఏ సందులోకి పోయినా ఇదే తంతు.

ఆ సెల్ నంబరు పెళ్ళి పత్రిక మీద ఉంది, అంగడి బోర్డు మీద ఉంది, పాలవాడి దగ్గర ఉంది. తెలియని వాడికి కూడా అది పెద్ద అడ్డు కాదు. మన సెల్ నంబర్లు పది అంకెలవి, మొదటి అంకె ఆరు నుంచి తొమ్మిది లోపే. మొత్తం కలిపితే 400 కోట్ల నంబర్లు. చాలా ఎక్కువనిపిస్తుంది. అయినా మన ఫోను వైఫైకి కలిసే క్షణంలో రెంటికీ మధ్య నడిచే పలకరింపును బయట నిలబడిన వాడు పట్టుకుని ఇంటికి తీసుకుపోతే, మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటరు సెకనుకు లక్షల నంబర్లు సరిపెట్టి చూస్తుంది. ఒక పూటలో మీ నంబరు దొరుకుతుంది. మీ ఇంటి ముందు వాడు రెండోసారి నిలబడాల్సిన పని కూడా లేదు.

'వాడుకుంటే వాడుకోనీ పెద్దాయనా, మన డేటా ఏమన్నా తరిగిపోతుందా?' అంటారు. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. 2008 జులై 26న అహ్మదాబాద్‌లో బాంబులు పేలాయి. పేలడానికి కాసేపటి ముందు టీవీ చానళ్ళకు బెదిరింపు ఈమెయిల్ వచ్చింది. అది ఎక్కడి నుంచి వచ్చిందని వెతికితే నవీ ముంబయిలో ఒక విదేశీయుడి ఇల్లు తేలింది. ఆయన వైఫైకి పాస్‌వర్డ్ లేదు. ఎవరో బయటి నుంచి వాడుకుని పోయారు. పోలీసులు ముందు ఆయన తలుపే తట్టారు, ఆయన కంప్యూటర్లే తీసుకుపోయారు. అదే ఏడు సెప్టెంబరు 13న ఢిల్లీలో పేలుళ్ళు జరిగినప్పుడు కూడా ఈమెయిల్ ముంబయి చెంబూరులో ఒక సంస్థ వైఫై నుంచి పోయినట్టు తేలింది. ఆ తర్వాత ముంబయి పోలీసులు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని వీధుల్లో తిరిగి, తెరిచి ఉన్న వైఫైలు వెతికారు. బయటి ప్రపంచానికి కనిపించేది మీ కనెక్షన్ చిరునామా ఒక్కటే. దాని వెనక ఎవరు కూర్చున్నారో తర్వాత తేలాలి. తేలేదాకా జవాబు చెప్పుకోవాల్సింది బిల్లు కట్టే మీరే.

అనుమతి లేకుండా ఇంకొకరి నెట్‌వర్క్‌లో దూరడం ఐటీ చట్టం 2000లో 43వ సెక్షన్ కిందికి వస్తుంది. మోసపు బుద్ధితో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. చట్టం ఉంది సరే, దొంగను పట్టాక కదా అది పని చేసేది! ముందు జాగ్రత్త మన చేతిలో ఉండాలి.

పాత రకం వైఫై రక్షణకు వెప్ అని పేరు. 1997లో వచ్చింది, 2001కే దాన్ని ఛేదించే దారి బయటపడింది. తర్వాత 2004లో డబ్ల్యుపిఎ2 వచ్చింది, 2018లో డబ్ల్యుపిఎ3 వచ్చింది. మీ డబ్బా సెట్టింగుల్లో ఈ రెండింట్లో ఒకటి లేకపోతే ఆ డబ్బా మార్చమని అడగండి. బటన్ నొక్కి కలిపే డబ్ల్యుపిఎస్ అనే సౌకర్యం ఇంకో ప్రమాదం. దానికి ఎనిమిదంకెల పిన్ ఉంటుంది. దాన్ని డబ్బా రెండు ముక్కలుగా చూసుకుంటుంది కాబట్టి 11 వేల ప్రయత్నాల్లో తెరవచ్చని 2011లోనే లోకానికి తెలిసింది. డబ్ల్యుపిఎస్‌ను ఆపేయాలి. వైఫై పేరు దాచిపెడితే చాలని చెప్పేవాళ్ళున్నారు. తరంగాలు వినే సాధనం ఉన్నవాడికి ఆ పేరు కనిపిస్తూనే ఉంటుంది. ఫలానా ఫోన్లకే అనుమతి అని, ఒక్కో పరికరానికి ఉండే ఎంఎసి చిరునామాలు రాసిపెట్టడం కూడా అంతే, ఆ చిరునామాలు నకలు చేసుకోవచ్చు. అసలు బలం పొడవైన పాస్‌వర్డ్‌లో ఉంది. ఎనిమిది అక్షరాల నుంచి 63 దాకా పెట్టుకోనిస్తుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో గొలుసుగా రాస్తే మనకు గుర్తుంటుంది, యంత్రానికి దొరకదు. ఇంటి పేరు, పిల్లల పేరు, పుట్టిన ఏడు మాత్రం వద్దు.

ఇంత చేసినా అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చకపోతే, తలుపుకు తాళం వేసి తాళంచెవి గుమ్మం మీద పెట్టినట్టే. డబ్బా అడుగున అంటించిన కాగితం మీద ఒక చిరునామా, ఒక పేరు, ఒక పాస్‌వర్డ్ ఉంటాయి. చాలా డబ్బాల్లో ఆ పేరూ పాస్‌వర్డూ అడ్మిన్, అడ్మిన్. ఆ చిరునామా బ్రౌజర్లో కొడితే డబ్బా లోపలి సెట్టింగులు తెరుచుకుంటాయి. ఇప్పుడు ఎవరెవరు కలిసి ఉన్నారో వరుసగా కనిపిస్తుంది. మన ఇంట్లో ఎన్ని ఫోన్లు, టీవీలు, కెమెరాలు ఉన్నాయో లెక్కపెట్టి, ఆ వరుసతో సరిపోల్చుకోవాలి. కొత్త ఫోన్లు తమ అసలు ఎంఎసి చిరునామా దాచి వేరేది చూపిస్తాయి, కాబట్టి ఒక్కొక్కటి ఆపి చూసి గుర్తుపట్టాలి. ఎవరిదో తెలియనిది మిగిలితే వైఫై పాస్‌వర్డ్ మార్చేయాలి, అంతటితో ఆ కనెక్షన్ తెగిపోతుంది. అదే చోట డబ్బా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసుకోవాలి. 2017లో డబ్ల్యుపిఎ2లో కూడా లోపం బయటపడ్డప్పుడు మందు వేసింది ఇలాంటి అప్‌డేట్లే.

మరి పక్కింటి పిల్లవాడు 'తాతా, ఈఏపీసెట్ ఆన్‌లైన్ క్లాసుంది, వైఫై ఇవ్వవా?' అని అడిగితే? ఇవ్వాలి. చదువుకునే బిడ్డకు లేదనే సంస్కారం ఈ ఊరిది కాదు. చాలా డబ్బాల్లో గెస్ట్ నెట్‌వర్క్ అని ఉంటుంది. దానికి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్. అందులో ఉన్నవాడికి నెట్టు అందుతుంది, మన ఇంటి కెమెరాలూ కంప్యూటర్లూ అందవు. పరీక్షలయ్యాక ఆ పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు. అసలు పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వకూడదు. ఒక ఫోనులో పడితే అక్కడి నుంచి క్యూఆర్ కోడ్‌గా ఇంకో పది ఫోన్లలోకి పోతుంది. దాచిన పాస్‌వర్డులను లోకానికంతా పంచిపెట్టే యాప్‌లు కూడా ఉన్నాయి.

కంపెనీల మీద నా కోపం ఒక్కటే. కనెక్షన్ ఇచ్చే ఉత్సాహంలో పదో వంతు జాగ్రత్త చెప్పడంలో లేదు. బిగించడానికి వచ్చిన మనిషికి ఇంకో పావుగంట ఇచ్చి, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్పించి, డబ్ల్యుపిఎస్ ఆపించి, గెస్ట్ నెట్‌వర్క్ చూపించి రమ్మంటే వాళ్ళకు పోయేదేముంది? బడిలో కంప్యూటరు పాఠం చెప్పే మాస్టర్లు ఒక పీరియడు దీనికి కేటాయిస్తే, ఆ పిల్లలే ఇంటికెళ్ళి అమ్మానాన్నలకు చేసిపెడతారు.

పిల్లల కోసం ఆగకుండా ఇవాళే డబ్బా తిరగేసి ఆ కాగితం చదవండి. సెల్ నంబరు పాస్‌వర్డ్‌గా ఉంటే ఇప్పుడే మార్చండి. మీ వైఫై మీద ఎవరైనా తప్పుడు పని చేశారని అనుమానం వస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. అడిగిన వాళ్ళకు ఇస్తూనే ఉండండి, ఎవరికి ఇచ్చారో తెలిసి ఇవ్వండి.