గడువు పెంచు, ఖర్చు పంచు

మన దగ్గర కమిషన్ వేసిన రోజే రెండు మాటలు వినబడతాయి: వంద రోజులు, నిగ్గు తేలుస్తాం. మొదటిది నమ్మేవాళ్లుండరు. రెండోది అడిగే ఓపిక వంద రోజులు దాటాక ఎవరికీ మిగలదు.

2023 డిసెంబరులో శాసనసభలో కరెంటు శ్వేతపత్రం మీద చర్చ. న్యాయ విచారణ జరిపించండని సవాలు విసిరింది సూర్యాపేట ఎమ్మెల్యే, మాజీ విద్యుత్ మంత్రి జగదీశ్ రెడ్డి. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అక్కడికక్కడే సై అన్నారు. విచారించాల్సిన వాటిలో ఒకటైన యాదాద్రి థర్మల్ కేంద్రం మిర్యాలగూడ దాటితే వచ్చే దామరచర్ల మండలంలోనే ఉంది. అడిగినాయన, ఒప్పుకున్నాయన, పొగగొట్టాలు అన్నీ సిద్ధం. 2024 మార్చిలో జస్టిస్ ఎల్. నరసింహా రెడ్డి కమిషన్ వచ్చింది. తీరా చూస్తే, ఈ విచారణే చెల్లదని జగదీశ్ రెడ్డి పార్టీ అధినేత కేసీఆరే హైకోర్టుకెక్కారు. జులై 1న అక్కడ కొట్టేశారు. ఆయన సుప్రీంకోర్టుకెళ్లారు. విచారణ నడుస్తుండగానే ప్రెస్‌మీట్ పెట్టిన ఛైర్మన్‌ను మార్చమని జులై 16న అక్కడ అన్నారు. ఆయన తప్పుకుంటే జస్టిస్ మదన్ లోకూర్ వచ్చారు. మెగావాట్ల లెక్క తేలకముందే ఢిల్లీ లాయర్ల మీటరు తిరిగింది. సర్కారు వైపు మీటరుకు బిల్లు కట్టేది కోదాడలో సబ్బు కొని జీఎస్టీ ఇచ్చేవాడే.

మిర్యాలగూడ మిల్లరు సర్కారు వడ్లు ఆడించి తిరిగివ్వాల్సిన సీఎంఆర్ బియ్యం గడువు దాటిస్తే డిఫాల్టర్ (అక్కడా పొడిగింపులున్నాయి లెండి). కమిషన్ గడువు దాటితే కొత్త జీవో. ఆ జీవోలో ఇంతవరకు అయిన ఖర్చెంత, ఆలస్యం ఎవరి వల్ల అని రెండు వాక్యాలు రాయడానికి సిరా చాలదు కాబోలు.

ఈ విద్యకు ఆదిగురువు బాబ్రీ మసీదు కూల్చివేత మీద వేసిన లిబర్హాన్ కమిషన్. 1992లో మూడు నెలలన్నారు. 48 పొడిగింపులు, 17 ఏళ్లు, దాదాపు 8 కోట్లు. పొదుపు గమనించండి, ఏడాదికి అరకోటి కూడా పడలేదు! ఇంకో 17 ఏళ్లు సాగదీసి ఉంటే పావుకోటికే వచ్చేది. బ్రిటన్‌లో ‘బ్లడీ సండే’ కాల్పుల మీద సావిల్ విచారణ 12 ఏళ్లకు సుమారు 19 కోట్ల పౌండ్లు మింగింది. అది నడుస్తుండగానే, ఖర్చు చూసుకోవయ్యా అని ఛైర్మన్‌కు చెప్పే చట్టం 2005లో తెచ్చారు. మన 1952 విచారణ కమిషన్ల చట్టానికి అంత మొహమాటం లేదు.

కాళేశ్వరం మీద జస్టిస్ పీసీ ఘోష్ కమిషన్‌ది అచ్చంగా వంద రోజుల ముహూర్తమే. 2024 జూన్ నెలాఖరు గడువు. నివేదిక చేతికొచ్చింది 2025 జులై 31న. ఆగస్టు 31న సభలో పెట్టి, అర్ధరాత్రి దాటేదాకా అరుచుకొని, కేసు సీబీఐకి ఇస్తున్నామన్నారు. పదహారు నెలల విచారణ తేల్చిందేమిటయ్యా అంటే, విచారణ జరగాలని.