వచ్చిన దారి చెరిపేసేవారికి వందనం

కొత్త చిప్ మీద డీబగ్గర్ పోర్ట్ అయిపోయిందట! రిజిస్టర్లు కనిపిస్తున్నాయి, బ్రేక్‌పాయింట్ పడుతోంది, స్టెప్ నడుస్తోంది. "బ్యాక్‌ట్రేస్ ఒక్కటే మిగిలింది" అని చివర్న ఓ చిన్న ముక్క. ఇల్లు అలకగానే పండగైపోయింది. ప్రోగ్రాం ఎక్కడ చచ్చిందో చెబుతాం, ఎవరు పిలిస్తే అక్కడికొచ్చి చచ్చిందో మాత్రం అడక్కండి అన్నమాట.

ఒకప్పుడు ఫ్రేమ్ పాయింటర్ అని ఓ రిజిస్టర్ ఉండేది. ప్రతి ఫంక్షనూ తనను పిలిచినవాడి ఫ్రేమ్ ఎక్కడుందో, తను తిరిగి ఎక్కడికి వెళ్లాలో స్టాక్‌లో పక్కపక్కనే దాచేది. ఈ దుబారా చూసి పొదుపరుల కడుపు మండింది. ఎనిమిదే రిజిస్టర్లున్న 386 చిప్ మీద ఒకటి మిగుల్చుకున్నారంటే పేదరికం అనుకుందాం. రిస్క్-ఫైవ్‌కు 32 ఉన్నాయి. వాటిలో ఒకదానికి జీవితాంతం సున్నాగా కూర్చోవడమే ఉద్యోగం. అయినా వచ్చిన దారి గుర్తుంచుకోవడానికి ఒక్కటీ ఖాళీ లేదట! ఆప్టిమైజేషన్ అన్న మాట జీసీసీ కంపైలర్ చెవిన పడితే చాలు, ఫ్రేమ్ పాయింటర్ వేరే పనికి బదిలీ.

ఫర్వాలేదు, డీబగ్గర్ ఊహించుకుంటుందిలెండి! ఫంక్షన్ మొదట్నుంచీ ఇన్‌స్ట్రక్షన్లు చదువుతూ స్టాక్ పాయింటర్ ఎంత తగ్గింది, రిటర్న్ అడ్రస్ ఎక్కడ దాచారు అని వెతుక్కుంటుంది. కంపైలర్ వేగం కోసం వాటిని అటూ ఇటూ జరిపిందా, ఊహ గల్లంతు. రిస్క్-ఫైవ్‌లో ఎవర్నీ పిలవని లీఫ్ ఫంక్షన్ రిటర్న్ అడ్రస్‌ను స్టాక్ గడప తొక్కనివ్వదు. ప్రోలాగ్ సగంలో ఆగితే సగమే నిజం. మధ్యలో సిగ్నల్ దూరితే లెక్క మళ్లీ మొదటికి. చివరికి జీడీబీ డీబగ్గర్ "స్టాక్ చెడిపోయిందా?" అని ప్రశ్నార్థకం పెట్టి మననే అడుగుతుంది.

ఊహలక్కర్లేని విద్య 1993 నాటి డీబగ్ సమాచార ఫార్మాట్ డ్వార్ఫ్ 2లోనే ఉంది. ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఆగినా పాత రిజిస్టర్లు ఎక్కడున్నాయో చెప్పే పట్టిక అది. కంపైలర్ దాన్ని బుద్ధిగా రాసిపెడుతుంది. చేత్తో అసెంబ్లీ రాసే మహామహులకు మాత్రం ఆ పట్టిక కోసం నాలుగు సీఎఫ్ఐ డైరెక్టివ్‌లు రాయడం నామోషీ. కొత్త థ్రెడ్ మొదలయ్యే చోట "దీనికి పైన ఎవరూ లేరు" అన్న గుర్తూ పెట్టరు. దాంతో బ్యాక్‌ట్రేస్ లేని పూర్వీకుల్ని పుట్టించుకుంటూ పోతుంది.

2023లో ఫెడోరా 38 లినక్స్ ఫ్రేమ్ పాయింటర్లను మళ్లీ పిలిచి పీట వేసింది. కర్నెల్ కంపైల్ 2.4 శాతం నెమ్మదిస్తుందని అంతకుముందు ఎంత గగ్గోలో! ఆ సెకన్లు బెంచ్‌మార్క్‌లో కనిపిస్తాయి మరి. క్రాష్ ఎక్కడిదో తెలియక ఇంజనీర్ పోగొట్టుకున్న రాత్రులు జీతంలో కూడా కనిపించవు.

చిప్‌లు గీసే పెద్దలారా, స్టాక్ ఫ్రేమ్ ఎలా ఉండాలో ఏబీఐ పత్రంలో తొలిరోజే రాయండి. అసెంబ్లీలో సీఎఫ్ఐ పెట్టించండి. బ్యాక్‌ట్రేస్ రాని డీబగ్గర్‌ను పోర్ట్ అయినట్టు లెక్కలో వేయకండి.