చిన్న పనే సార్!

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు దాదాపు 40 కిలోమీటర్లు. 40వ నంబరు జాతీయ రహదారి మీద కొత్త కారుకు ముప్పావు గంట దారి. పాత చిన్న కారుకు ఎంతసేపన్నది దాని ఇష్టం. శిరివెళ్ల దగ్గర ఆగి కాసేపు ఆలోచించుకున్నా అడిగేవాళ్లు లేరు.

మా వైపు అమ్మకానికొచ్చే పాత కార్లన్నీ డాక్టర్లు వాడినవే. "సింగిల్ ఓనర్ సార్, డాక్టరు గారి బండి. ఆదివారం మహానందికి తప్ప బయటికి తీయల్యా" అంటాడు బ్రోకరు. నంద్యాలలో అమ్ముడుపోయే కార్ల లెక్క చూస్తే జిల్లాలో రోగులకంటే డాక్టర్లే ఎక్కువ ఉండాలి. మీటరు చూస్తే నలభై వేల కిలోమీటర్లు. క్లచ్ పెడల్ రబ్బరు చూస్తే అరిగి నున్నగా మెరుస్తుంటుంది. ఆ డాక్టరు గారు మహానందికి కాశీ మీదుగా వెళ్లినట్టున్నారు.

పాత కారు గుట్టు అమ్మేవాడికే తెలుసు, కొనేవాడికి తెలియదు. కొనేవాడు అనుమానంతో తక్కువకు అడుగుతాడు, దాంతో మంచి బండి ఉన్నవాడు అమ్మకుండా ఇంట్లోనే పెట్టుకుంటాడు, చివరికి బజారులో మిగిలేవి చెడ్డ బళ్లే. ఈ సంగతిని జార్జ్ అకర్లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త 1970లో ఒక వ్యాసంగా అచ్చు వేయించారు. అంతకుముందు మూడు పత్రికలు దాన్ని తిప్పి పంపాయి. 2001లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సంపాదకుల్లో ఒక్కరైనా సెకండ్ హ్యాండ్ కారు కొని ఉంటే మొదటి పత్రికలోనే అచ్చయ్యేది.

ఇక మెకానిక్ షెడ్డుకు వద్దాం. అక్కడ వినపడేవి రెండే మాటలు. బండి లోపలికి పోయేటప్పుడు "చిన్న పనే సార్". కాసేపయ్యాక "విప్పి చూడాల సార్". యాగంటి బసవన్న ఏటేటా పెరుగుతాడని మా జిల్లాలో నమ్మకం. మెకానిక్ చెప్పే ఎస్టిమేటూ అట్లాంటిదే. కాకపోతే దానికి ఏడాది అక్కర్లేదు, మనం భోంచేసి వచ్చేసరికి చాలు.

చిన్న కార్లలో తొందరగా పని పెట్టేది క్లచ్. యాక్సిలరేటరు తొక్కితే ఇంజను అరుస్తుంది, బండి మాత్రం వినిపించుకోదు. నంద్యాల గాంధీ చౌక్‌లో ఆటోల మధ్య హాఫ్ క్లచ్ మీద ఈడ్చే బండికి ఆ గతి తప్పదు. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, కూలీ అన్నీ కలిపి సుమారు ఆరేడు వేలు. మా బామ్మర్ది తన బండికి ప్లేటు ఒక్కటే వేయించి, "మిగతావి బాగున్నాయి బావా, దుడ్లు మిగిల్చినా" అన్నాడు. నెల తిరక్కుండా బేరింగు కూత పెట్టింది. మళ్లీ గేర్‌బాక్సు దించారు. సామాను కంటే గేర్‌బాక్సు దించి ఎక్కించిన కూలీకే ఎక్కువైంది. ఒకసారి దించినప్పుడే లోపలివన్నీ మార్చుకోవడం పాత కారు శాస్త్రంలో మొదటి సూత్రం.

ఆ బామ్మర్దే ఆళ్లగడ్డలో రాతి వినాయకుణ్ణి కొన్నాడు. ఆ ఊరి శిల్పాలకు భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు ఉంది, రాతి పని గొప్పది. బరువూ తక్కువదేం కాదు. స్వామిని డిక్కీలో కూర్చోబెట్టుకుని నంద్యాల చేరాడు. స్వామి ఇంట్లో స్థిరపడ్డాడు, వెనక షాకులు శాశ్వతంగా కిందికి దిగిపోయాయి. స్పీడ్ బ్రేకరు వచ్చిన ప్రతిసారీ కటకటమని చప్పుడు. ఆ చప్పుడు చేసే బుష్షులు, లింకు రాడ్లు ఒక్కోటి కొన్ని వందలే. అరిగిన బుష్షులు మార్చకపోతే టైరు ఒక పక్కే అరిగి వేలకు తెస్తుంది.

అన్నిటికంటే మా ఊరి వాతావరణం పగబట్టేది రేడియేటరును. ఏప్రిల్, మే నెలల్లో నంద్యాల ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఏసీ వేసుకుని పోతుంటే టెంపరేచర్ ముల్లు పైకెక్కుతుంది. రేడియేటరు మూత రబ్బరు అరిగినా, ఫ్యాను స్విచ్చు పోయినా, హోసు పగిలినా జరిగేదదే. ఇవన్నీ వందల్లో పోయే సామాన్లు. మనవాళ్లు మాత్రం కూలెంటు ఖర్చెందుకని బోరు నీళ్లు పోస్తారు. ఆ నీళ్లలోని ఉప్పు లోపల పేరుకుని దారులు మూసుకుపోతాయి. ఇంకో పది కిలోమీటర్లేగా అని అట్లాగే తోలితే అల్యూమినియం హెడ్డు వంగుతుంది, గ్యాస్కెట్ కాలుతుంది, హెడ్డు లేతు మిషను దగ్గరికి పోతుంది. వందల పని పది వేలు దాటిపోతుంది. ముల్లు ఎర్రగీత దగ్గరికొస్తే ఆళ్లగడ్డలో ముహూర్తం ఉన్నా సరే, ఇంజను ఆపి చెట్టు కింద కూర్చోవాలి. వేడి మీద మూత తిప్పితే మాత్రం మెకానిక్ కంటే ముందు డాక్టరు అవసరమవుతాడు. ఈసారి నిజమైన డాక్టరు.

ఇవన్నీ దాటి పదిహేనేళ్లు బతికిన కారుకు సర్కారు సన్మానం ఉంటుంది. సొంత కారు రిజిస్ట్రేషన్ గడువు పదిహేనేళ్లు. ఆ పైన మళ్లీ చేయించుకోవాలంటే ఫీజు ఒకప్పుడు 600 రూపాయలు, 2022 ఏప్రిల్ 1న అది 5,000 అయింది. సరిగ్గా మూడు రోజులకు, ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయింది. జిల్లా కొత్తది, బళ్లు పాతవి, ఫీజు ఘనమైనది.

కాబట్టి పాత కారు కొనేవారికి నా మాట. బేరానికి పొద్దున్నే పోండి, బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూసి, ఆ తర్వాతే స్టార్ట్ చేయమనండి. ముందే వేడిగా ఉంటే మీకోసం బండిని బుజ్జగించి పెట్టారన్నమాట. మీకు తెలిసిన మెకానిక్‌కు వెయ్యి రూపాయలిచ్చి వెంట తీసుకుపోండి, బ్రోకరుకు తెలిసినవాణ్ణి కాదు. ఫారం 29, 30 మీద సంతకాలు చేయించుకుని పేరు మార్పించుకునే పని వాయిదా వేయకండి. మీ దగ్గర రెండు లక్షలుంటే లక్షన్నర బండి చూడండి, మిగతా యాభై వేలు మెకానిక్‌వే. ఇవ్వడం ఎప్పుడన్నదే తేలాలి.

పాత కారులో ఖరీదైన సామాను ఇంజను కాదు, క్లచ్ కాదు, వాయిదా. దానికి కంపెనీ సామానూ దొరకదు, డూప్లికేటూ దొరకదు.