ఎకరాల ఎర
దేవనహళ్ళి తాలూకాలో ఏరోస్పేస్ పార్కుకు 1,777 ఎకరాలు ఇచ్చేది లేదని చన్నరాయపట్న రైతులు 1,198 రోజులు భీష్మించుకు కూర్చున్నారు. 2025 జులై 15న కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య సరేనన్నారు, ఇష్టమైనవాళ్లిస్తే తీసుకుంటామని తోక తగిలించి. టెంటు గుంజలు ఇంకా పీకనేలేదు, ఇటునుంచి మన ఆంధ్ర మంత్రి లోకేశ్ ట్వీటులో పిలుపు: బెంగళూరు పక్కనే మా దగ్గర 8 వేల ఎకరాలు సిద్ధం, రండి! చకోత (పంపర పనస) పళ్లకు పేరుపడ్డ నేల మిగిలిందని అక్కడ పండగ, విమానాల కంపెనీలొస్తాయని ఇక్కడ పండగ. బాగుంది. కానీ ఇక్కడే లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరిట చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో ఎనిమిది వేల పైచిలుకు ఎకరాలు తీసుకుని పదిహేనేళ్లు దాటింది. హబ్ రాలేదు, సీబీఐ కేసు వచ్చింది. కంపెనీలకు పెట్టినట్టే ఆ మండలాల రైతులకూ ఓ ట్వీటు పెట్టండి బాబూ, లెక్క చెబుతూ.