చెయ్యి తగలని సర్వర్

(మాదాపూర్‌లో టీకొట్టు. మేఘనాథం గారు క్లౌడ్ ఆర్కిటెక్టు, ఆ మాట ఎదుటివాళ్లను మరిచిపోనివ్వరు. శంకయ్యది నైట్ షిఫ్టు.)

మేఘనాథం: సర్వర్లు పెంచి పోషించే రోజులు పోయాయయ్యా. స్క్రిప్టు రాసి యూజర్ డేటాలో పడేస్తే సరి! సర్వర్ పుడుతూనే సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుని పనిలో దిగుతుంది. మనిషి చెయ్యి తగలక్కర్లేదు.

శంకయ్య: మరి రాత్రి రెండింటికి నన్ను ఎందుకు లేపారండీ?

మేఘనాథం: వెబ్‌సైట్ రాలేదు. స్టేటస్ మాత్రం పచ్చగానే ఉంది.

శంకయ్య: ఆ పచ్చరంగు మెషీన్ బతికుందనే చెబుతుంది. మీ స్క్రిప్టు సంగతి దానికెందుకు? లాగ్ తెరిచాను. ‘యమ్ ఇన్‌స్టాల్’ అని రాసి, హైఫన్ వై పెట్టడం మరిచారు. అది ‘సరేనా?’ అని అడిగింది. జవాబు లేదు. ‘యూజర్ ఆజ్ఞ మేరకు విరమిస్తున్నాను’ అని రాసి వెళ్లిపోయింది.

మేఘనాథం: ఏ యూజర్?

శంకయ్య: నేనూ అదే వెతికాను. నేను నిద్రలో ఉన్నాను, తమరు లింక్డ్‌ఇన్‌లో ఉన్నారు.

మేఘనాథం: ఎవడో లాగిన్ అయ్యుంటాడు! సెక్యూరిటీ వాళ్లకు టికెట్ పెట్టు.

శంకయ్య: ఏమని పెట్టమంటారు? ‘ఎవరూ లేనిచోట ఎవరో ఆజ్ఞ ఇచ్చారు, పట్టుకోండి’ అనా?

మేఘనాథం: సర్లే. తరవాత నేనే స్క్రిప్టు దిద్ది, సర్వర్ ఆపి మళ్లీ లేపాను. ఉలుకూ పలుకూ లేదు.

శంకయ్య: ఉండదు. యూజర్ డేటా మామూలుగా మొదటి బూట్‌లో ఒక్కసారే నడుస్తుంది. అన్నప్రాశన ఏటేటా చేస్తారా? పాతదాన్ని తీసేసి కొత్త సర్వర్ లేపాలి.

మేఘనాథం: లేపానయ్యా! అదీ ముందుకు కదల్లేదు.

శంకయ్య: దిద్దేటప్పుడు మొదటి లైను ‘#!/bin/bash’ చెరిపేసుంటారు. అది లేకపోతే సర్వర్ దాన్ని స్క్రిప్టుగానే గుర్తించదు. అంతకుముందు 16 కిలోబైట్లు దాటిందని అసలు లాంచే కాలేదు. సగం కామెంట్లే. పైన చుక్కలతో, గీతలతో ముగ్గులా తమరి పేరు, హోదా!

మేఘనాథం: అది బ్రాండింగ్.

శంకయ్య: బ్రాండింగ్ కిందే డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా రాశారు. ఆ మెషీన్లో నడిచే ఏ ప్రోగ్రామైనా 169.254.169.254 అనే అడ్రసుని అడిగి యూజర్ డేటా మొత్తం చదువుకోవచ్చు. వినండి. రహస్యాలు సీక్రెట్స్ మేనేజర్‌లో ఉండాలి. స్క్రిప్టు మొదట్లో ‘సెట్ హైఫన్ ఈ’ ఉండాలి, తప్పు జరిగినచోటే ఆగాలి. సుడో అనవసరం, అది ఎలాగూ రూట్‌గానే నడుస్తుంది. ఏం తేడా వచ్చినా ముందు క్లౌడ్-ఇనిట్-అవుట్‌పుట్ లాగ్ చూడాలి, రీబూట్ కాదు. ఇంకా...

మేఘనాథం: ఆగాగు. హరికథ మొదలెట్టావేంటి? ఇవన్నీ పరీక్షలో రాలేదే!

శంకయ్య: పరీక్షలో నాలుగు ఆప్షన్లు ఇస్తారు కదండీ. లాగ్‌లో ఇవ్వరు.

మేఘనాథం: పరీక్షంటే గుర్తొచ్చింది. నా సర్టిఫికెట్‌కి వచ్చే నెలతో మూడేళ్లు నిండుతాయి, మళ్లీ రాయాలి. అమీర్‌పేటలో కొత్త ప్రశ్నల డంప్స్ ఏమైనా వచ్చాయా?

శంకయ్య: వచ్చాయట. కానీ చదవాలంటే మనిషి ఉండాలి.

మేఘనాథం: దానికీ ఓ స్క్రిప్టు రాద్దామా?