డైనోసార్ మాగాయ

మామిడి రైతు ఎప్పుడు కష్టపడతాడో నూజివీడులో చిన్నపిల్లాడినడిగినా చెబుతాడు. పూతమీద తేనెమంచు పురుగుకి మందు కొట్టించాలి, పిందె నిలబడితే కాయకి కవరు తొడిగించాలి, కాయ తయారైతే చిక్కాలతో కోయించాలి, నున్న మార్కెట్లో ఆ రోజు ధర విని గుండె పట్టుకోవాలి. బంగినపల్లి, రసాలు, ఆఖర్న కలెక్టరు కాయా అయిపోయి చెట్టు ఖాళీ అయ్యాక ఆ రైతు ఏం చేస్తాడని మాత్రం ఎవరూ అడగరు. అడిగేది ఒక్క మా ఆవిడే.

ఆ ప్రశ్నకి జవాబుగానే కంప్యూటరు కొన్నాను. తోట లెక్కలు రాయడానికని చెప్పాను. ఎరువులు, మందులు, కూలీలు, ట్రేల అద్దె, ట్రాక్టరు కిరాయి, అన్నిటికీ తలా ఒక గడి. గడులు గీశాను. పైవరుసకి ఆకుపచ్చ రంగు వేశాను. మరీ లేతగా ఉందనిపించి ముదురు చేశాను. లెక్కల పని అక్కడితో ముగిసింది.

తప్పంతా నాదే అనుకోకండి, కొంత ఊరిది కూడా. 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చిన దగ్గర్నుంచీ నూజివీడు అంటే జనానికి మామిడికాయతోపాటు కంప్యూటరు కూడా గుర్తొస్తోంది. 2022లో మమ్మల్ని కృష్ణా జిల్లా నుంచి తీసి ఏలూరు జిల్లాలో కలిపారు గానీ ఈ రెండు పేర్లూ మావెంటే వచ్చాయి. ట్రిపుల్ ఐటీలో చదివే మా మేనల్లుడు ఒక సెలవురోజు భోజనానికొచ్చి, నా ఆకుపచ్చ వరుస చూసి, "ఇంత మంచి నెట్టు పెట్టుకుని ఇదేంటి మావయ్యా?" అన్నాడు. నేను చెడిపోవడానికి ముహూర్తం పెట్టింది వాడే. వాడు మా ఆవిడ అన్నగారి కొడుకు కావడం నాకు ఇప్పటికీ అక్కరకొస్తున్న సంగతి.

అంతకుముందు నాకు తెలిసిందల్లా సాలిటేర్. మా ఆవిడ మొదటిసారి చూసి "పేకాటా?" అంది. మా వైపు ఆ మాట పలికే తీరు వేరు. పోలీసులూ, తోటల్లో పరుగులూ, మర్నాడు పేపర్లో ఫొటోలూ కళ్లముందు కదులుతాయి. అందుకని నేను చరిత్ర ఎత్తుకున్నాను. ఇది 1990లో విండోస్ 3.0తో వచ్చిందనీ, రాసింది వెస్ చెర్రీ అనే ఇంటర్న్ కుర్రాడనీ, ముక్కల మీద బొమ్మలు గీసింది సూసన్ కేర్ అనే ఆవిడ అనీ, మౌస్‌తో పట్టి లాగడం జనానికి అలవాటు కావడానికి ఈ ఆట బాగా పనికొచ్చిందనీ చెప్పాను.

"అంటే మీరిప్పుడు మౌస్ నేర్చుకుంటున్నారన్నమాట."

"అంతే."

"ఎప్పటికొస్తుంది?"

మేనల్లుడు వచ్చి వెళ్లాక ఈ సంభాషణ చిన్నదైపోయింది. "ఎప్పటికి లేస్తారు?" అన్న ఒక్క ముక్క మిగిలింది.

వాడు నాకు చూపించిన మొదటిది ఇంటర్నెట్ ఆర్కైవ్. పాత పుస్తకాలు దాచే చోటని మీరు వినే ఉంటారు. 2015లో వాళ్లు పాత డాస్ ఆటలు వేలకొద్దీ పెట్టారు. దేన్నీ దించుకోనక్కర్లేదు, బ్రౌజర్లోనే నడుస్తాయి. వెతికితే 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' దొరికింది. తొంభైల్లో కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో ఫీజు కట్టి నేర్చుకున్నదేమిటని ఎవరైనా అడిగితే నేను నిజాయితీగా చెప్పగలిగేవి రెండే: ఈ యువరాజు ముళ్లమీద పడకుండా దూకడం, 'డేంజరస్ డేవ్'లో కప్పు తీసుకుని తలుపు దాకా వెళ్లడం. డేవ్‌ని తయారుచేసిన జాన్ రొమేరో తర్వాత 'డూమ్'తో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. మన దేశంలో మాత్రం ఆయన పేరు తెలియకుండానే ఒక తరం మొత్తం ఆయన ఎర్రటోపీ వాడి చేత గెంతులు వేయించింది. ఫీజు కట్టింది మా నాన్న. ఆయన అమ్మిన చిన్నరసాల డబ్బది. ఆ లెక్క ఏ గడిలో రాయాలో నాకు తెలియదు.

ఇక డైనోసార్ సంగతి. దీన్ని కాస్త వివరంగా చెప్పుకోక తప్పదు, ఎందుకంటే మా చుట్టాలందరికీ తెలిసిపోయింది.

క్రోమ్ బ్రౌజర్లో నెట్టు పోయినప్పుడు ఒక చిన్న డైనోసార్ కనిపిస్తుంది చూడండి. అది బొమ్మ కాదు, ఆట. 2014 నుంచీ ఉంది. స్పేస్ బార్ నొక్కితే పరిగెడుతుంది. బ్రహ్మజెముడు చెట్లు అడ్డొస్తే దూకించాలి, కొంతదూరం పోయాక పక్షులు కూడా వస్తాయి. నెట్టు పోతే దేశమంతా తిట్టుకుంటుంది. నేను నెట్టు ఎప్పుడు పోతుందా అని చూసే స్థితికి వచ్చాను.

ఏప్రిల్లో ఒక సాయంత్రం ఉన్నట్టుండి ఆకాశం నల్లబడింది. కాయ చెట్టుమీద బరువుగా ఉంది. అలాంటప్పుడు గాలి లేస్తే మామిడి ఊళ్లలో ఇంటికొకరు గంపో బస్తానో పట్టుకుని తోటకి పరిగెడతారు. నేను శాస్త్రీయంగా ఆలోచించి, వాన ఎటునుంచి వస్తోందో ఉపగ్రహ చిత్రంలో చూద్దామని కూర్చున్నాను. గాలికి కరెంటు పోయింది, నెట్టు పోయింది. ఇన్వర్టరు పుణ్యమా అని కంప్యూటరు ఆరలేదు. తెరమీద డైనోసార్ నిలబడి నావంక చూస్తోంది.

"ఏవండీ, కాయ రాలిపోతోంది!"

"వస్తున్నా, ఈ ఒక్క పక్షి దాటాక."

ఆ మాట నా నోటినుంచే వచ్చింది. కాదనడానికి లేదు, మా అత్తగారు పక్కనే ఉన్నారు. మా ఆవిడ ఇంకేం అనలేదు. పాలేరుని పిలిచింది, గంపలు తీసింది, వెళ్లింది. నేను జీవితంలో అంతకుముందూ ఆ తర్వాతా చేయలేనంత స్కోరు ఆరోజు చేశాను. ఆవిడ తడిసి ముద్దయి తిరిగొచ్చి గంపలు వాకిట్లో దింపుతుంటే ఏం మాట్లాడాలో తెలియక ఈ ఆట గొప్పతనం చెప్పాను. స్కోరు 99999 దాటదనీ, తయారుచేసినవాళ్లే ఒకసారి సరదాగా, దీన్ని కోటీ డెబ్బై లక్షల ఏళ్లు సరిపోయేలా చేశామన్నారనీ చెప్పాను.

"అప్పటిదాకా కాయ ఆగుతుందా?" అంది.

గాలికి రాలిన కాయకి దెబ్బ తగులుతుంది, సరిగ్గా మాగదు, మార్కెట్లో దాని మొహం ఎవరూ చూడరు. పచ్చడికే పనికొస్తుంది. మర్నాడు చెక్కు తీసి ముక్కలు కోసి, ఉప్పులో ఊరేసి, ఎండలో పోసి, జాడీలకెత్తింది. ఆ ఏడాది ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఆ మాగాయ వడ్డిస్తూ అది ఏ పక్షి దాటుతున్నప్పుడు రాలిన కాయో చెప్పింది. కొందరు రెండోసారి కూడా అడిగి వేయించుకున్నారు, కథతో సహా. వియ్యాలవారి ఊళ్లో దాన్ని డైనోసార్ మాగాయ అంటారని ఈమధ్యే తెలిసింది.

బుద్ధి వచ్చిందా అంటే, వచ్చే లోపల నీల్ అగర్వాల్ అనే కుర్రాడి సైటు నీల్.ఫన్ దొరికింది. అందులో 'పాస్‌వర్డ్ గేమ్' అని ఒకటుంది, 2023లో వచ్చింది. పాస్‌వర్డ్ పెట్టమంటుంది, అంతే. పెద్దక్షరం ఉండాలంటుంది, సరే. అంకెలన్నీ కూడితే 25 రావాలంటుంది. చంద్రుడి కళ పెట్టమంటుంది. కాసేపటికి ఒక కోడిగుడ్డు ఇచ్చి దీన్ని పాస్‌వర్డ్‌లో జాగ్రత్తగా ఉంచమంటుంది. ఆ గుడ్డు పేరు పాల్. ఉన్నట్టుండి పాస్‌వర్డ్‌కి నిప్పంటుకుంటుంది, ఆర్పాలి. గుడ్డు పిల్లవుతుంది, దానికి ఆకలేస్తుంది, పురుగుల్ని వేయాలి. ఏడాదంతా పురుగు చావాలని వేలకు వేలు మందులకి తగలేసేవాణ్ణి, అర్ధరాత్రి దాటాక ఒక కోడిపిల్లకి పురుగులు సరిపోతున్నాయో లేదో అని దిగులుపడుతూ కూర్చున్నాను. మర్నాడు బ్యాంకు ఖాతా తెరవబోతే నా అసలు పాస్‌వర్డ్ గుర్తు రాలేదు.

నా వ్యసనం ఇంట్లోవాళ్లకి అంటించాలని చూడలేదా అంటే చూశాను. విండోస్వాప్ అని ఒకటుంది. 2020లో అందరూ ఇళ్లలో ఇరుక్కున్నప్పుడు సింగపూర్‌లో ఉండే మనదేశపు దంపతులు మొదలుపెట్టారు. నొక్కితే లోకంలో ఎవరిదో ఒకరి కిటికీలోంచి బయటికి చూడొచ్చు: ఒకచోట మంచు, ఒకచోట వీధి, ఒకచోట గట్టుమీద పిల్లి. మాగేసిన కాయల్ని ఊరికే నొక్కి చూసే పిల్లాడిలా నేను పదేపదే నొక్కాను. మనం కూడా పది నిమిషాల వీడియో తీసి పంపొచ్చని తెలిసి, మన కిటికీలోంచి మామిడితోట కనిపిస్తే యూరప్ వాళ్లు ముచ్చటపడతారని మా ఆవిడతో అన్నాను. ఆవిడ కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. తలుపు చెక్కకి చెదలు పట్టి ఉంది. "ముందు ఇది చూడండి, యూరప్ వాళ్లు తర్వాత చూస్తారు" అంది. వడ్రంగి వచ్చి వెళ్లేసరికి నా ఉత్సాహం చల్లారింది.

రేడియో గార్డెన్‌ని మాత్రం తోట పనికి వాడానని గట్టిగా చెప్పగలను. భూగోళం తిప్పుతూ ఏ ఊరి చుక్కమీద ఆగితే ఆ ఊరి రేడియో వినిపిస్తుంది. 2016 నుంచీ నడుస్తోంది. షెడ్డులో కాయ వేరుచేసే ఆడవాళ్లకి పొద్దుపోవాలని బ్రెజిల్ పెట్టాను. కాసేపు విని ఒక పెద్దావిడ, "పాట బానే ఉంది గానీ బాబుగారూ, ఆ మనిషికి ఏదో పెద్ద కష్టం వచ్చినట్టుంది, ఆపేయండి" అంది. తర్వాత వాళ్ల ఫోన్లో ఘంటసాల పెట్టుకున్నారు.

బొమ్మలు గీసే 'క్విక్ డ్రా'కి వస్తే, 20 సెకన్లలో మనం గీసేది ఏమిటో యంత్రం చెబుతుంది. నేను గీసిన గుర్రాన్ని అది చాలా జంతువుల పేర్లతో పిలిచింది. అందులో తప్పేం లేదు. నాకు మింగుడుపడనిది వేరే ఉంది. దానికి తెలిసిన వస్తువులు 345. యాపిలుంది, అరటిపండుంది, పుచ్చకాయుంది, ఆఖరికి పైనాపిలూ ఉంది. మామిడిపండు లేదు. నూజివీడు నుంచి ఇలాంటి ఆటకి ఇంత సమయం ఇచ్చినవాడికి ఇదా మర్యాద?

తెలుగువాళ్లు ఎక్కువమంది ఎరగనిది, నేను అందరికన్నా ముందు చెప్పాల్సింది 'ఛందం'. పద్యం రాసి అందులో వేస్తే అక్షరాలకి గురులఘువులు గుర్తించి, గణాలు విడగొట్టి, యతి ఎక్కడ తప్పిందో ప్రాస ఎక్కడ చెడిందో చెప్పేస్తుంది. పిల్లలకి బళ్లో గణవిభజన నేర్పేటప్పుడు ఇది తెరిచి పెడితే సగం బాధ తీరుతుంది. ఇంత సరదా అయిన తెలుగు బొమ్మ నాకింకోటి కనపడలేదు. చిన్నరసం మీద ఆటవెలది రాశాను. మూడో పాదంలో యతి కుదరలేదంది. దిద్దాను. ఐదు సూర్యగణాలు ఉండాల్సినచోట నావి ఏవేవో గ్రహాలట. వాటినీ దిద్దాను. చివరికి యంత్రం ఏ తప్పూ పట్టకుండా వదిలేసిన రోజున ఇంతకంటే ఏం కావాలని పొంగిపోయి, తెలుగు మేష్టారుగా రిటైరైన మా మామగారికి చదివి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని పూర్తిగా విన్నారు. "లక్షణం అంతా కుదిరింది అల్లుడుగారూ" అన్నారు. కాసేపాగి, "దేని గురించి?" అన్నారు.

చదరంగానికి లీచెస్. ఫ్రాన్సు దేశస్థుడు తిబో డుప్లెసీ 2010లో మొదలుపెట్టాడు. ప్రకటనలుండవు, డబ్బడగరు, విరాళాలతో నడుస్తుంది. కోనేరు హంపి పుట్టిన గుడివాడ మాకు దగ్గరే. ఆవిడ 2019లో, 2024లో ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయింది. ఆ గాలి నూజివీడు దాకా రాలేదు. లీచెస్‌లో యంత్రంతో ఆడటానికి ఎనిమిది స్థాయిలున్నాయి. నేను మొదటి స్థాయితో స్నేహంగా ఉంటున్నాను.

ఈ ఉచితమైనవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఉచితం అనే మాట పెట్టుకుని వేరే సరుకు కూడా తిరుగుతోంది. ఆట ఊరికే దింపుకోమంటారు, మొదట కాస్త గెలవనిస్తారు, ఆ తర్వాత తోట కాగితాలు తాకట్టులోకి వెళ్తాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. కాయ అమ్మిన డబ్బు ఆ ఆటల్లో పోగొట్టుకుని, తర్వాతి పూతకి మందు కొనలేక దళారీ దగ్గర చెయ్యి చాచినవాళ్లని నేను చూశాను. నేను పోగొట్టుకున్నది పొద్దు, కాస్త పరువు, కొన్ని గంపల కాయ. అందుకే మా ఆవిడ నన్ను ఇంట్లో ఉండనిస్తోంది.

మీరూ మొదలుపెడతానంటే ఒక్క మాట. ఆట తెరవగానే ఫోన్ నంబరో ఓటీపీయో అడిగితే అక్కడే మూసేయండి. నేను ఆడిన ఆటలు మీ పేరైనా అడక్కుండా ఆడనిస్తాయి. మీకు ఇలాంటివి ఇంకేమైనా తెలిసుంటే నాకు తప్పకుండా చెప్పండి, జూలై తర్వాతైతే మరీ మంచిది. ఫోను మా ఆవిడ ఎత్తితే మాత్రం అంటుమొక్కల ధర కనుక్కుందామని చేశామనండి.